ఏ ఏటి నుంచి లెక్కపెట్టాలి? ఇజ్రాయెల్–పాలస్తీనాపై వందేళ్ల వాదోపవాదాలు

ఇజ్రాయెల్–పాలస్తీనా వివాదం గురించి ఇద్దరు వాదించుకుంటుంటే ఎవరు ఏ పక్షమో తెలుసుకోవడానికి ఎక్కువసేపు వినక్కర్లేదు. కథను ఏ ఏడాది నుంచి మొదలుపెడుతున్నారో చూస్తే చాలు. ఒకరు 2023 అక్టోబరు 7 నుంచి మొదలుపెడతారు. ఒకరు 2007లో గాజా దిగ్బంధం నుంచి, మరొకరు 1967 యుద్ధం నుంచి, ఇంకొకరు 1948 నుంచి చెబుతారు. రోమన్లు జెరూసలేం మందిరాన్ని కూల్చిన క్రీ.శ. 70 దాకా వెళ్లేవారూ ఉన్నారు. ఆ తేదీలన్నీ నిజమే, ఒక్కోదాని వెనక ఉన్న దుఃఖమూ నిజమే. కానీ మొదలుపెట్టిన చోటును బట్టి ముందు కొట్టినవాడెవడు, తిప్పికొట్టినవాడెవడు అన్నది తారుమారవుతుంది. ఈ వాదన వందేళ్లుగా చల్లారకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. బయటివారికి అంతగా తెలియని సంగతి మరొకటుంది. దీనిపై అన్నిటికన్నా పదునైన తర్కం ఇజ్రాయెలీలు తమలో తాము, పాలస్తీనీయులు తమలో తాము చేసుకున్నదే.

1917 నవంబరు 2న బ్రిటన్ విదేశాంగ మంత్రి ఆర్థర్ బాల్ఫోర్ యూదు ప్రముఖుడు లార్డ్ రోత్‌చైల్డ్‌కు ఒక చిన్న లేఖ రాశాడు. పాలస్తీనాలో యూదు ప్రజలకు ‘జాతీయ నివాసం’ ఏర్పడడానికి బ్రిటన్ తోడ్పడుతుందన్నది అందులో మొదటి మాట. అక్కడ ఉంటున్న యూదేతరుల పౌర, మత హక్కులకు భంగం కలగకూడదన్నది రెండోది. వాళ్ల రాజకీయ హక్కుల ఊసు లేదు. ఆ నేల అప్పటికింకా పూర్తిగా బ్రిటన్ చేతికి రాలేదు కూడా. ఆ ప్రకటనను ప్రభుత్వం లోపలి నుంచి గట్టిగా ఎదిరించినవాడు ఒక యూదు మంత్రే. ఆయన ఎడ్విన్ మాంటేగ్, అప్పటి భారత వ్యవహారాల మంత్రి. మాంటేగ్–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల పుణ్యమా అని ఆ పేరు మన బడి పుస్తకాల్లోనూ ఉంది. యూదులకు వేరే దేశం ఉందని ప్రకటిస్తే, పుట్టి పెరిగిన దేశాల్లోనే వాళ్లు పరాయివాళ్లైపోతారని ఆయన భయం.

1922 జనాభా లెక్కల నాటికి పాలస్తీనాలో సుమారు 7.57 లక్షల మంది ఉండగా, వారిలో యూదులు 84 వేల లోపే. ఆ తర్వాత హిట్లర్ వచ్చాడు. 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై యూదు శరణార్థుల మీద సానుభూతి చూపాయే గాని తలుపులు తెరవడానికి దాదాపు ఏ దేశమూ ముందుకు రాలేదు. యూరప్ చేసిన పాపానికి మేమెందుకు మూల్యం చెల్లించాలని పాలస్తీనా అరబ్బులు అడిగారు. ఎవరూ రానివ్వకపోతే మేమెక్కడికి పోవాలని యూదులు అడిగారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు చెప్పాల్సిన దేశాలు చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఈ చర్చలోకి భారతదేశం నుంచి ఒక పెద్ద గొంతు చేరింది. 1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీలో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టి, దుకాణాలు ధ్వంసం చేశారు. అదే నెల 26న ‘హరిజన్’ పత్రికలో గాంధీజీ వ్యాసం వచ్చింది. యూదుల మీద తనకు పూర్తి సానుభూతి ఉందంటూనే, వాళ్లను అరబ్బుల నెత్తిన రుద్దడం తప్పన్నారు. జర్మనీ యూదులు సత్యాగ్రహం చేయాలని సలహా ఇచ్చారు. జర్మనీ వదిలి ఆ ఏడాదే జెరూసలేం చేరిన తత్వవేత్త మార్టిన్ బూబర్ 1939 ఫిబ్రవరిలో ఆయనకు సుదీర్ఘమైన జవాబు రాశాడు. సత్యాగ్రహం ఫలించాలంటే దాన్ని చూసేవాళ్లు, సాక్ష్యం చెప్పేవాళ్లు ఉండాలి, నాజీ శిబిరంలో మాయమైపోయే మనిషి త్యాగం ఎవరికి తెలుస్తుందన్నది ఆ లేఖలోని అసలు ప్రశ్న. ఆ నేలతో తమ బంధం ఎంత పాతదో చెప్పాడు గాని, అరబ్బుల హక్కును కాదనలేదు. ఇద్దరూ కలిసి బతికే ఏర్పాటు కావాలన్నాడు. గాంధీజీ నుంచి సమాధానం రాలేదు. అయినా ఎదుటివారి హక్కును ఒప్పుకుంటూనే తమ హక్కు గురించి మాట్లాడిన ఆ ఉత్తరం, ఈ వివాదం మీద వచ్చిన రాతల్లో ఇప్పటికీ మేలైనవాటిలో ఒకటి.

1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను రెండుగా విభజించాలని 33–13 ఓట్లతో తీర్మానించింది. పది దేశాలు ఓటు వేయలేదు. అప్పటికి యూదులు జనాభాలో మూడోవంతు. ప్రతిపాదిత యూదు రాజ్యానికి దక్కింది 55 శాతం నేల. మూడు నెలల ముందే తన విభజన రక్తపాతం చూసిన భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. విభజన బదులు ఒకే సమాఖ్య రాజ్యం ఉండాలని ఇరాన్, యుగొస్లావియాలతో కలిసి అంతకుముందే సూచించింది. యూదు నాయకత్వం విభజనకు ఒప్పుకుంది, అరబ్బులు ఒప్పుకోలేదు. పోరు మొదలైంది. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడింది, పొరుగు అరబ్ దేశాల సైన్యాలు దిగాయి. యుద్ధం ముగిసేసరికి ఇజ్రాయెల్ చేతిలో 78 శాతం నేల ఉంది. సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇళ్లు పోగొట్టుకున్నారు. ఇజ్రాయెల్ పండగ చేసుకునే ఆ స్వాతంత్ర్యమే పాలస్తీనీయులకు ‘నక్బా’, అంటే మహా విపత్తు. తర్వాతి రెండు మూడు దశాబ్దాల్లో ఇరాక్, యెమెన్, మొరాకో, ఈజిప్టు లాంటి దేశాల నుంచి 8 లక్షలకు పైగా యూదులు తరలిపోయారు. వాళ్లలో చాలామంది ఆస్తులన్నీ వదులుకుని ఇజ్రాయెల్ చేరినవారే.

అంకెలు ఈ వివాదంలో ఎలా ఆయుధాలవుతాయో చెప్పడానికి డేర్ యాసీన్ ఒక్కటి చాలు. జెరూసలేంకు పడమరన ఉన్న ఆ ఊరు పక్కనున్న యూదు పేటతో గొడవ పడబోమని ఒప్పందం చేసుకుంది. 1948 ఏప్రిల్ 9న ఇర్గున్, లెహి అనే యూదు సాయుధ దళాలు ఊరి మీద పడి ఆడవాళ్లను, పిల్లలను కూడా చంపాయి. మృతులు 254 మంది అని ఇర్గున్ వాళ్లే పత్రికలకు చెప్పారు. భయం పుట్టించడం వాళ్లకు కావాలి. ప్రత్యర్థి దళానికి చెడ్డపేరు తేవడం ప్రధాన యూదు సైన్యమైన హగానాకు కావాలి. పొరుగు దేశాలను కదిలించడం అరబ్ నాయకులకు కావాలి. అందరికీ పనికొచ్చింది కాబట్టి ఎవరూ ఆ అంకెను తరచి చూడలేదు. రేడియోలో విన్న పల్లెలు భయంతో ఖాళీ అయ్యాయి. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, 1987లో, పాలస్తీనా విశ్వవిద్యాలయమైన బీర్జైట్ పరిశోధకులు బతికి బయటపడ్డవారిని కలిసి పేరు పేరునా లెక్కగడితే మృతులు 107 మంది అని తేలింది. 107 మందిని చంపడం 254 మందిని చంపడం కంటే చిన్న నేరమేమీ కాదు. ఆ నిజాన్ని బాధితుల పక్షం పరిశోధకులే బయటపెట్టడం ఈ చరిత్రలో గౌరవించాల్సిన ఘట్టం. డేర్ యాసీన్ జరిగిన నాలుగు రోజులకు హదస్సా ఆసుపత్రికి వెళ్తున్న వాహనాల మీద అరబ్ దళాలు దాడి చేసి డాక్టర్లు, నర్సులు సహా దాదాపు 78 మందిని చంపాయి.

శరణార్థులు ఎందుకు వెళ్లిపోయారన్న ప్రశ్న మీద ముప్పై ఏళ్లు రెండు కథలు నడిచాయి. అరబ్ నాయకులే వెళ్లిపొమ్మని పిలుపునిచ్చారని ఇజ్రాయెల్, ముందే వేసుకున్న పథకం ప్రకారం తరిమేశారని పాలస్తీనీయులు చెబుతూ వచ్చారు. అలాంటి సార్వత్రిక పిలుపు ఏదీ రేడియో ప్రసారాల్లో లేదని పాలస్తీనా చరిత్రకారుడు వాలిద్ ఖాలిదీ 1959లోనే చూపించాడు. 1980లలో ఇజ్రాయెల్ ప్రభుత్వ దస్త్రాలు పరిశోధకుల చేతికి వచ్చాక బెన్నీ మోరిస్, అవీ ష్లైమ్, ఇలాన్ పాపె లాంటి యువ ఇజ్రాయెలీ చరిత్రకారులు సొంత దేశం చెప్పుకునే కథనే ప్రశ్నించారు. కొన్ని ఊళ్లు భయంతో ఖాళీ అయ్యాయని, కొన్నిచోట్ల స్థానిక నాయకులు పంపేశారని, చాలాచోట్ల సైన్యమే వెళ్లగొట్టిందని మోరిస్ పత్రాలతో సహా చూపించాడు. 1948 జులైలో లిడ్డా, రామ్లే పట్టణాల నుంచి యాభై వేలకు పైగా జనాన్ని నడిపించి పంపేశారు. ఆ ఉత్తర్వు మీద సంతకం చేసిన అధికారి ఇట్జాక్ రాబిన్, తర్వాత ప్రధాని అయిన మనిషే. ఆయన ఆత్మకథలో ఆ ఘట్టాన్ని 1979లో మంత్రుల సంఘం సెన్సార్ చేసింది. మోరిస్‌కు, పాపెకు కూడా తర్వాత పొసగలేదు. ముందస్తు పథకం లేదని ఒకరు, ఉందని మరొకరు ఇప్పటికీ తగువులాడుతున్నారు. తిరిగి రావాలనుకునే శరణార్థులను రానివ్వాలన్న ఐరాస 194వ తీర్మానం 1948 డిసెంబరు నాటిది. ఇవాళ ఐరాస సంస్థ దగ్గర నమోదైన శరణార్థులు, వాళ్ల సంతానం కలిపి 59 లక్షల మంది. వాళ్లంతా వస్తే యూదు మెజారిటీ పోతుందని ఇజ్రాయెల్, ఆ హక్కును వదులుకోవడం తమ చరిత్రను వదులుకోవడమేనని పాలస్తీనీయులు అంటారు. ఎన్ని శాంతి చర్చలు జరిగినా ముడి విడిపోనిది ఇక్కడే.

1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధంతో వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా, సినాయ్, గోలాన్ ఇజ్రాయెల్ వశమయ్యాయి. దేశమంతా విజయోత్సాహంలో ఉన్న ఆ సెప్టెంబరులోనే పత్రికల్లో రెండు ప్రకటనలు వచ్చాయి. ఒకదాని మీద నోబెల్ గ్రహీత ఎస్. వై. అగ్నాన్ వంటి పెద్ద రచయితలు సంతకాలు చేశారు. గెలిచిన నేలలో ఒక్క అడుగు కూడా వదలకూడదన్నది దాని సారం. రెండోది కొద్దిమంది వామపక్షీయులది. ఆక్రమణ నుంచి పరాయి పాలన, అందులోంచి ప్రతిఘటన, దాన్నుంచి అణచివేత, ఉగ్రవాదం పుడతాయని, వెంటనే వెనక్కి రావాలని వాళ్లు హెచ్చరించారు. ఇతరుల మీద పెత్తనం తమ సమాజాన్నే చెడగొడుతుందని నిష్ఠాపరుడైన యూదు తత్వవేత్త యెషయాహు లైబోవిట్జ్ జీవితాంతం చెబుతూనే ఉన్నాడు. ఆ హెచ్చరికలు ఎవరూ వినలేదు. ఇప్పుడు వెస్ట్ బ్యాంక్‌లో సుమారు 5 లక్షల మంది, తూర్పు జెరూసలేంలో మరో 2 లక్షలకు పైగా యూదులు స్థిరపడ్డారు. ఈ స్థావరాలు చట్టవిరుద్ధమన్నది ప్రపంచంలో చాలా దేశాల మాట. ఇజ్రాయెల్ కాదంటుంది. 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమణ మొత్తం చట్టవిరుద్ధమని సలహా అభిప్రాయం ఇచ్చింది.

పాలస్తీనీయుల లోపలి తగువు 1993 సెప్టెంబరులో, ఓస్లో ఒప్పందం నాడు, పైకి వచ్చింది. వైట్ హౌస్ పచ్చికలో రాబిన్, పాలస్తీనా విమోచన సంస్థ (పీఎల్‌ఓ) నాయకుడు అరాఫత్ చేతులు కలిపితే ప్రపంచం చప్పట్లు కొట్టింది. న్యూయార్క్‌లో ఉన్న పాలస్తీనా మేధావి ఎడ్వర్డ్ సయీద్ మాత్రం దీన్ని లొంగుబాటు అన్నాడు. ఒప్పందానికి ముందు మార్చుకున్న లేఖల్లో అరాఫత్ ఇజ్రాయెల్ ఉనికి హక్కును ఒప్పుకుంటే, రాబిన్ పీఎల్‌ఓను పాలస్తీనీయుల ప్రతినిధిగా మాత్రమే గుర్తించాడు. పాలస్తీనా రాజ్యం అన్న మాట ఎక్కడా లేదు. స్థావరాలు, జెరూసలేం, శరణార్థుల సంగతి తర్వాతకు వాయిదా పడ్డాయి. కవి మహమూద్ దర్వీష్ పీఎల్‌ఓ కార్యవర్గం నుంచి తప్పుకున్నాడు. ఇస్లామిక్ సంస్థ హమాస్ ఒప్పందాన్ని తిరస్కరించి బస్సుల్లో బాంబులు పేల్చింది. 1994 ఫిబ్రవరిలో హెబ్రాన్ మసీదులో ఒక యూదు స్థావరవాసి నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. 1995 నవంబరు 4న రాబిన్‌ను ఒక యూదు అతివాది హత్య చేశాడు. సయీద్ అనుమానాలు చాలావరకు నిజమయ్యాయనే చెప్పాలి. ఒప్పందం నాడు వెస్ట్ బ్యాంక్‌లో లక్ష పైచిలుకు ఉన్న స్థావరవాసులు తర్వాత నాలుగు రెట్లు దాటారు. 2000లో క్యాంప్ డేవిడ్ చర్చలు విఫలమైతే తప్పంతా అరాఫత్‌దేనని అమెరికా అధ్యక్షుడు క్లింటన్, ఇజ్రాయెల్ ప్రధాని బరాక్ అన్నారు. ఆ చర్చల్లో ఉన్న అమెరికా అధికారి రాబర్ట్ మాలీ మాత్రం ముగ్గురి తప్పూ ఉందని రాశాడు.

రెండు రాజ్యాలా, ఒకే రాజ్యమా అన్నది ఇప్పటికీ తేలలేదు. జోర్డాన్ నదికి, సముద్రానికి మధ్య యూదులు, పాలస్తీనీయులు సుమారు 70 లక్షల చొప్పున ఉన్నారు. నది నుంచి సముద్రం దాకా పాలస్తీనా విముక్తి అన్న నినాదాన్ని యూదుల నిర్మూలనకు పిలుపుగా చాలామంది వింటారు, సమాన హక్కుల కోరికగా మరికొందరు పలుకుతారు. సముద్రానికి, నదికి మధ్య ఇజ్రాయెల్ సార్వభౌమత్వం ఒక్కటే ఉంటుందని లికుడ్ పార్టీ 1977 ఎన్నికల ప్రణాళికలో ఉందన్నది ఈ గొడవలో తరచూ మరుగునపడే విషయం.

ఇజ్రాయెల్‌ను విమర్శించడం ఎక్కడ ఆగి యూదు ద్వేషం ఎక్కడ మొదలవుతుందన్నది మరో పెద్ద రణరంగం. 2016లో హోలోకాస్ట్ స్మృతి కోసం ఏర్పడిన ప్రభుత్వాల కూటమి యూదు ద్వేషానికి ఒక నిర్వచనం ఆమోదించి, దానికి పదకొండు ఉదాహరణలు జోడించింది. అందులో ఏడు ఇజ్రాయెల్‌కు సంబంధించినవే. దాని మూల ముసాయిదా రాసినవారిలో ప్రముఖుడైన కెన్నెత్ స్టెర్న్, గణాంకాల సేకరణ కోసం రాసిన దాన్ని విశ్వవిద్యాలయాల్లో నోళ్లు మూయించడానికి వాడడం తప్పని 2017లో అమెరికా కాంగ్రెస్ ముందు చెప్పాడు. 2021లో రెండొందల మందికి పైగా పండితులు ఇంకో నిర్వచనం ప్రకటించారు. పాలస్తీనా సంఘాలు 2005లో పిలుపునిచ్చిన ఇజ్రాయెల్ బహిష్కరణ ఉద్యమమూ ఈ చర్చలోదే. శాంతియుత నిరసన అన్నది ఒక మాట, ప్రపంచంలో ఒక్క దేశాన్నే వేలెత్తి చూపడమేమిటన్నది ఎదురుమాట. 2024 ఏప్రిల్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు గాజా యుద్ధానికి నిరసనగా గుడారాలు వేశాక ఈ చిక్కు పోలీసుల దాకా వెళ్లింది. ఆ నిరసనల్లో యూదు విద్యార్థులు ఉన్నారు. అవే ప్రాంగణాల్లో భయపడుతూ తరగతులకు వెళ్లిన యూదు విద్యార్థులూ ఉన్నారు.

2023 అక్టోబరు 7న హమాస్ నాయకత్వంలో సాయుధులు సరిహద్దు దాటి సుమారు 1,200 మందిని చంపారు, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. మృతుల్లో ఎక్కువమంది పౌరులు. మొదట్లో వచ్చిన కొన్ని భయానక వార్తలకు ఆధారాలు దొరకకపోయేసరికి, ఆ వంకతో జరిగిన దారుణం మొత్తాన్నే కొట్టిపారేసేవాళ్లు తయారయ్యారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ సాగించిన యుద్ధంలో, గాజాలో 2025 అక్టోబరు కాల్పుల విరమణ నాటికి మృతులు 67 వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. ఆ శాఖ హమాస్ పాలనలోనిదని, సాయుధులను, పౌరులను వేరు చేయదని ఇజ్రాయెల్ అభ్యంతరం. గత యుద్ధాల్లో దాని లెక్కలు ఐరాస లెక్కలకు దగ్గరగానే ఉన్నాయన్నది సమాధానం. విదేశీ విలేకరులను స్వేచ్ఛగా గాజాలోకి రానిచ్చి ఉంటే ఈ తగువు చాలావరకు తీరేది. ఇజ్రాయెల్ రానివ్వలేదు. లోపల పనిచేసిన పాలస్తీనా విలేకరులు పెద్ద సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఈ యుద్ధం జాతిహననమా అన్న ప్రశ్నను దక్షిణాఫ్రికా 2023 డిసెంబరు 29న అంతర్జాతీయ న్యాయస్థానం ముందుంచింది. 2024 జనవరి 26న మధ్యంతర ఆదేశాలు వచ్చాయి. జాతిహననం జరుగుతోందని కోర్టు తేల్చిందని ఒక పక్షం, కాల్పులు ఆపమనలేదు కాబట్టి ఇజ్రాయెల్ గెలిచిందని మరో పక్షం ప్రచారం చేశాయి. రెండూ తప్పే. జాతిహననం నుంచి రక్షణ పొందే హక్కు గాజా ప్రజలకు ఉందన్న మాట నమ్మదగినదేనని, ఆ వాదనను కోర్టు ముందుంచే హక్కు దక్షిణాఫ్రికాకు ఉందని మాత్రమే కోర్టు చెప్పిందని అప్పటి అధ్యక్షురాలు జోన్ డోనహ్యూ తర్వాత బీబీసీకి వివరించారు. ఇజ్రాయెల్ తరఫున కూర్చున్న జడ్జి అహరోన్ బరాక్ కూడా సాయం అందనివ్వాలన్న ఆదేశానికీ, రెచ్చగొట్టే మాటల మీద చర్య తీసుకోవాలన్న ఆదేశానికీ ఓటేశాడు. 2025 జులైలో ఇజ్రాయెల్‌కే చెందిన హక్కుల సంస్థ బెట్సెలెం తమ దేశం జాతిహననానికి పాల్పడుతోందని ప్రకటించింది. ఇది ఆత్మరక్షణ యుద్ధమని, ఆ ఆరోపణ అబద్ధమని ప్రభుత్వం అంటోంది. తుది తీర్పు ఇంకా రావాలి.

కలిసి మాట్లాడేవారికి రెండు వైపులా మాటలు పడక తప్పదు. వెస్ట్ బ్యాంక్ దక్షిణాన మసాఫెర్ యట్టా పల్లెల్లో ఇళ్ల కూల్చివేతలను పాలస్తీనీయుడు బాసెల్ అద్రా, ఇజ్రాయెలీ యువల్ అబ్రహం కలిసి చిత్రించిన ‘నో అదర్ ల్యాండ్’ డాక్యుమెంటరీకి 2025 మార్చిలో ఆస్కార్ వచ్చింది. ఇజ్రాయెల్ సంస్కృతి మంత్రి తిట్టిపోశాడు. బహిష్కరణ ఉద్యమకారులేమో ఇది ఆక్రమణను మామూలు విషయంగా చూపే ప్రమాదం ఉందని అభ్యంతరం చెప్పారు. ఆ చిత్రానికి సాయపడ్డ పల్లెవాసి, బడిపంతులు అవ్దా హతలీన్‌ను అదే ఏడాది జులైలో తుపాకీతో కాల్చి చంపారు.

భారతదేశం 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించినా రాయబారులను పెట్టుకున్నది 1992లోనే. పాలస్తీనా రాజ్యాన్ని 1988లో గుర్తించింది. హమాస్ దాడి ప్రస్తావన లేదంటూ 2023 అక్టోబరు 27న ఐరాస తీర్మానంపై ఓటుకు దూరంగా ఉంది, డిసెంబరులో కాల్పుల విరమణకు ఓటేసింది, 2025 జూన్‌లో మళ్లీ దూరంగా ఉంది, సెప్టెంబరు 12న రెండు రాజ్యాల ప్రకటనను సమర్థించింది. పాత స్నేహాన్ని, కొత్త రక్షణ సంబంధాలను రెంటినీ కాపాడుకోవాలన్న ఆరాటం అందులో కనబడుతుంది. తెలుగు నేలకు ఈ గొడవ మరో దారిలో తగులుతుంది. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి వెళ్లినవాళ్లు ఏళ్లుగా అక్కడ వృద్ధుల ఇళ్లలో సంరక్షకులుగా ఉన్నారు. అక్టోబరు 7 తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు రద్దు చేసి, భవన నిర్మాణానికి భారతీయులను పిలిపించుకుంది. యుద్ధ దేశానికి, అదీ పనిలోంచి తీసేసినవారి స్థానంలోకి, మనవాళ్లను పంపవద్దని కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. ఇక్కడ దొరకని జీతం అక్కడుందని వెళ్లినవాళ్లు అన్నారు.

2025 సెప్టెంబరు 21, 22 తేదీల్లో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించాయి. ఇది హమాస్‌కు బహుమానమని ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు అన్నారు. పాలస్తీనా రాజ్యాన్ని వ్యతిరేకిస్తూ ఇజ్రాయెల్ పార్లమెంటు 2024 జులైలోనే 68–9 ఓట్లతో తీర్మానం చేసి ఉంది. గుర్తింపులకు నెల ముందు, ఆగస్టులో, జెరూసలేంకు తూర్పున ఈ–1 అనే ప్రాంతంలో సుమారు 3,400 ఇళ్ల స్థావరానికి ఇజ్రాయెల్ అధికారులు అనుమతి ఇచ్చారు. అది పూర్తయితే వెస్ట్ బ్యాంక్ ఉత్తరం, దక్షిణం విడిపోయి, తూర్పు జెరూసలేం రెంటికీ దూరమవుతుంది. రాజ్యానికి గుర్తింపు దొరికాక నిలబడడానికి నేల మిగులుతుందా అన్నదే ఇప్పుడు రెండు వైపులా జరుగుతున్న వాదన.